కాంట్రాక్చర్

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక చేతుల కీళ్లు బిగుసుకుపోయి, ఎవరు కదిలించినా పూర్తిగా సాగని స్థితే కాంట్రాక్చర్. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీదున్న దాచేపల్లిలో బండి ప్రమాదమో, పత్తి లోడు మీంచి జారిపడటమో దీనికి మొదలు కావచ్చు.

ఐదో మెడ నరం వరకే పని మిగిలితే మోచేతిని వంచే కండ లాగుతుంది, చాచే కండ లాగదు. చెయ్యి ముడుచుకునే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ కండ పొట్టిపడుతుంది, కీలు చుట్టూ పొర గట్టిపడుతుంది. అందుకే భుజం, మోచెయ్యి, మణికట్టు రోజూ నెమ్మదిగా కదిలించాలి. అవసరమైతే కీలును కదలకుండా నిలిపి ఉంచే స్ప్లింట్ కట్టాలి.

వేళ్ల సంగతి వేరు, ఇక్కడే ప్రేమతో చేసే పొరపాటు జరుగుతుంది. ఆరో నరం వరకు పనిచేసేవారు మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఈ టెనోడెసిస్ పట్టుతోనే గ్లాసు ఎత్తగలరు, సొంతంగా అన్నం తినగలరు. మణికట్టునూ వేళ్లనూ ఒకేసారి వెనక్కి సాగదీస్తే ఆ పట్టు సడలిపోతుంది. వేళ్లు చాచేటప్పుడు మణికట్టు కిందికి వంచి ఉంచాలి.

మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు రూ.15,000 పింఛను ఉంది. దానికి దరఖాస్తు చేయండి. అంతకన్నా ముందు, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే ఇంట్లో ఒక్కరైనా ఫిజియోథెరపిస్టు దగ్గర ఈ కదలికలు నేర్చుకోండి.