హీరో చాన్స్ పోయింది.. ఆస్కార్ వచ్చింది!

అడిగిన రోల్ ఇవ్వలేదు. వేరే పని చేతిలో పెట్టారు. మీరైతే ఏం చేస్తారు?

1971లో అమెరికన్ సోల్ గాయకుడు ఐజాక్ హేస్‌కి ఇదే ఎదురైంది. ‘షాఫ్ట్’ సినిమాలో డిటెక్టివ్ హీరోగా నటించాలని ఆశపడ్డాడు. కానీ ఆ వేషం అప్పటికే రిచర్డ్ రౌండ్‌ట్రీకి వెళ్లిపోయింది. హేస్‌కి మిగిలింది సంగీతం. అలిగి కూర్చోలేదు. ఆ పనే చేసి చూపించాడు.

దర్శకుడు గోర్డన్ పార్క్స్ కోరింది ఒక్కటే. హీరో ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు, ఆ కదలిక పాటలో వినిపించాలి. మన భాషలో చెప్పాలంటే, ఇదీ రిక్వైర్‌మెంట్!

సినిమా మొదట్లో షాఫ్ట్ న్యూయార్క్ సబ్‌వే మెట్లెక్కి, టైమ్స్ స్క్వేర్ ట్రాఫిక్ మధ్యలోంచి నడుస్తుంటాడు. ఆ నడకను హేస్ హై-హ్యాట్‌కి అప్పగించాడు. డ్రమ్స్ పక్కన స్టాండ్‌కి ఉండే జంట తాళాలే హై-హ్యాట్. నాలుగు బీట్లకు పదహారు దెబ్బల చొప్పున విల్లీ హాల్ ఆపకుండా వాయించాడు. దాని మీద స్కిప్ పిట్స్ గిటార్. కాలి కింద వా-వా పెడల్ తొక్కుతుంటే తీగలు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటిగా మిగతా వాద్యాలు చేరతాయి. ఆల్బమ్ వెర్షన్‌లో రెండున్నర నిమిషాలు దాటితే గానీ హేస్ గొంతు వినపడదు. పాడేవాడే అయినా తన గొంతును వెనక్కి నెట్టి, సీన్‌కి కావలసింది ముందు పెట్టాడు.

ఫలితం? 1971 నవంబర్‌లో బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్. 1972లో ఉత్తమ ఒరిజినల్ సాంగ్ ఆస్కార్. ఆ విభాగంలో గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ హేసే. 2023లో మన ‘నాటు నాటు’కి వచ్చిందీ ఇదే విభాగంలో.

నా మొదటి ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, వాడిన టెక్నాలజీల పేర్లన్నీ గడగడా అప్పజెప్పాను. ‘అవే ఎందుకు?’ అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

అందుకే ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాట వినండి. తర్వాత మీ ప్రాజెక్టు ఫైల్ తీసి, ప్రతి టూల్ పక్కనా ఒక్క వాక్యం రాయండి: ఏ అవసరం కోసం దీన్ని ఎంచుకున్నాను? రాయలేకపోయిన చోటే రేపు ఇంటర్వ్యూలో ప్రశ్న పడుతుంది.