కూలిన మాను - గొలుసు రంపము

1987 అక్టోబరు 15, 16 తేదీల నడిరేయి ఇంగ్లండు దక్షిణ భాగమున వీచిన పెనుగాలికి సుమారు కోటి యేబది లక్షల చెట్లు కూలిపోయినవి. లండను నగరమునందలి క్యూ ఉద్యానవనములోనే దాదాపు 700 చెట్లు నేలకొరిగినవి. కెంట్ మండలములోని సెవెనోక్స్ పట్టణము పేరునకు 'ఏడు ఓక్ చెట్లు' అని యర్థము. ఆ పేరునకు గుర్తుగా అచటి క్రికెట్ మైదానము ప్రక్కన పెంచిన ఏడు చెట్లలో ఆరు ఆ రాత్రియే పడిపోయినవి. ఓక్, బీచ్ మొదలగు చెట్ల కలప గట్టిది, విలువైనది. కాని చెట్టు కూలినంత మాత్రమున కలప చేతికి వచ్చినట్లు కాదు.

మీటరు వ్యాసము, మూడు మీటర్ల పొడవు గల ఓక్ దుంగ నొకదానిని తీసికొందము. దాని ఘనపరిమాణము సుమారు 2.36 ఘనపు మీటర్లు. పచ్చి ఓక్ కలప ఘనపు మీటరునకు వేయి కిలోగ్రాములకు పైగా తూగును. అనగా ఆ యొక్క దుంగ బరువు ఇంచుమించు రెండున్నర టన్నులు. దానిని ఎత్తుటకు క్రేను, మోయుటకు లారీ, లారీ పోవుటకు బాట కావలెను. ఇవి యన్నియు సమకూడినను, సామాన్యమైన కోతమిల్లులోని రంపమున కంత లావు మాను పట్టదు. అందుచేత పెద్దచెట్టు గతి విచిత్రముగా నుండును. నడితరపు చెట్టు దూలమగును, వాసమగును. నూరేండ్లు పెరిగిన మహావృక్షము తునకలై పొయ్యిలోనికి పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు వీధుల కడ్డముగా పడిన చెట్ల విషయమునను ఇదే చిక్కు. బాట తెరచుటకు మానును పొట్టిముక్కలుగా తరుగవలసి వచ్చును. ఒకసారి పొట్టిగా తరిగిన మాను మరల పలక కానేరదు.

మాను మిల్లునకు పోలేనపుడు మిల్లే మాను వద్దకు పోవుట యుక్తము. ఈ యూహ క్రొత్తది కాదు. కోతమిల్లులు రాకముందు మన పల్లెలలో కోతపనివారు జంటగా వచ్చి, దుంగను కొయ్యల పందిరిపైకి ఎత్తి, బొగ్గుమసిలో ముంచిన దారమును దానిపై బిగించి లాగి వదలి గీతలు వేసెడివారు. పిమ్మట ఒకడు దుంగపై, ఇంకొకడు దాని క్రింద నిలిచి, పొడవైన రంపమును పైకిని క్రిందికిని లాగెడివారు. ఇంగ్లండులో పందిరికి బదులు గొయ్యి త్రవ్వి క్రిందివానిని అందులో నిలిపెడివారు. రంపపుపొట్టంతయు వాని కన్నులలోనే పడెడిది! నేడు ఈ యిద్దరి పనిని చేయుచున్నది పెట్రోలుతో నడచు గొలుసు రంపము. జనులు చైన్ సా అని పిలుచునది.

జర్మనీ దేశస్థుడు ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో పనిచేయు గొలుసు రంపమును, 1929లో పెట్రోలు రంపమును రూపొందించెను. అయితే ఆ కాలపు గొలుసుల పండ్లు సామాన్య రంపపు పండ్ల వలె చెక్కను గీరెడివి, త్వరలో మొద్దుబారెడివి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలపపనివాడు ఒక దుంగలో దారుకీటకపు పురుగును గమనించెను. అది నార వెంటను, నార కడ్డముగను ఒకే తేలికతో తొలుచుకొని పోవుచుండెను. దాని దవడలు కుడియెడమలకు వంగి, ఒకదాని తరువాత నొకటి చెక్కను చెక్కివేయుచుండెను. ఆ దవడల పోలికతో, కుడికి నొకటి ఎడమకు నొకటిగా వంగిన పండ్లతో అతడు చేసిన గొలుసు 1947లో అమ్మకమునకు వచ్చినది. నేటి గొలుసులలో పెక్కింటికి మూలము అదియే.

చెట్టును నరకు రంపమును పలకలు కోయు రంపముగా మార్చుటకు కావలసినది ఒక లోహపు చట్రము మాత్రమే. దీనికి అలాస్కన్ మిల్లు అను పేరు వాడుకలో నున్నది. గొలుసు తిరుగు పొడవైన లోహపుపట్టీని ఈ చట్రమునకు బిగింతురు. చట్రము దుంగ పైభాగమున జారుచుండగా, పట్టీ దానికి నిర్ణీతమైన లోతులో, సమాంతరముగా, చెక్కలో నుండి సాగిపోవును. అయితే గుండ్రని దుంగపై చట్రము నిలుచుటెట్లు? మొదటిసారి దుంగపై తిన్నని నిచ్చెననో పలకనో మరలతో బిగించి, దానిమీద చట్రమును నడపుదురు. ఆ కోతతో సమతలము ఏర్పడును. తరువాతి ప్రతి కోతకును వెనుకటి కోతయే ఆధారము. కాబట్టి మొదటి నిచ్చెన ఒకింత మెలిదిరిగి యున్నచో ఆ మెలిక పదునేడవ పలక దాక సంక్రమించును. దుంగను కొద్దిగా వాలుగా నుంచి, ఎత్తైన కొననుండి పల్లమునకు కోయుట మేలు. బరువే రంపమును ముందునకు నడపును.

ఇక అసలు సంగతి. అదే రంపముతో అదే దుంగను అడ్డముగా ఖండించుటకు కొన్ని నిమిషములు చాలును. నిలువుగా పలక తీయుట మాత్రము చాల నెమ్మదిగా సాగును. అడ్డుకోతలో చదరపు తునకలు రాలును. నిలువుకోతలో మెత్తని పొడి రాలును. ఏల?

చెక్కను చీపురుకట్టగా భావింపుడు. పుల్లలు నారపోగులు. కట్టను అడ్డముగా కోయునపుడు రంపము తొమ్మిది మిల్లీమీటర్ల బాట చేయుననుకొందము. ప్రతి పుల్లను ఆ బాట రెండంచుల వద్ద, అనగా రెండుమార్లు, తెంపిన చాలును. నడిమి తునక తనంతట ఊడి వచ్చును. నిలువుగా కోయునపుడు గొలుసు పట్టీ మానున కడ్డముగా నుండి, మాను పొడవునా సాగును. పండ్లకు పుల్లల కొనలు ఎదురగును. కొనలనుండి కొంచెము కొంచెముగా తరుగుట తప్ప వేరు మార్గము లేదు. ఒక్కొక్క పంటి కాటు అర మిల్లీమీటరనుకొన్నను, మూడు మీటర్ల పొడవున బాటలోనికి వచ్చిన ప్రతి పోగును ఆరువేల మార్లు తెంపవలెను. రెండెక్కడ, ఆరువేలెక్కడ!

అందుచేతనే వంటచెరకు కోయు చిన్న యంత్రములు ఈ పనికి చాలవు; 90 ఘనపు సెంటీమీటర్లకు మించిన సిలిండరు గలవి వాడుదురు. గొలుసును కూడ వేరుగా సానపట్టుదురు. అడ్డుకోతకు పంటి పైయంచు 30 డిగ్రీల ఏటవాలుగా నుండును. అట్టి పన్ను ప్రక్కగోడలను తెంపుటకు తగినది. నిలువుకోతలో గోడలు నార వెంటనే యుండును గనుక అచట తెంపవలసినది స్వల్పము. ఏటవాలును 10 డిగ్రీలకు తగ్గించినచో పలక నునుపుగా వచ్చును. ఒకటి రెండు కోతల కొకమారు ఆకురాయి పట్టుట తప్పదు.

ఈ పద్ధతిలో కలప నష్టము ఎక్కువ. పట్టీరంపముగల మిల్లు రెండు మూడు మిల్లీమీటర్ల బాటతో కోయును. గొలుసు రంపమునకు తొమ్మిది వరకు కావలెను. 25 మిల్లీమీటర్ల సన్నపలకలు తీసినచో దుంగలో నాలుగవ వంతు పొట్టుగా పోవును. 60 మిల్లీమీటర్ల పలకలైన నష్టము నూటికి 13 మాత్రమే. గొలుసు రంపముతో మందపు పలకలే తీయుటకు ఇది యొక కారణము. నడిమి పలక మీటరు వెడల్పుతో, ఆరు సెంటీమీటర్ల మందముతో, 190 కిలోగ్రాములు తూగును. ఆరెనమండుగురు మోయగలరు, రెండున్నర టన్నులను మోయలేరు.

వీధిచెట్లలో మేకులుండును. బోర్డులు కొట్టిన మేకును చెట్టు కొన్నేండ్లలో మ్రింగివేయును. టానిన్లుగల కలపలో, దుంగ కొనన నల్లనీలపు మచ్చ కనబడినచో లోపల ఇనుము కలదని అనుమానింపవలెను. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి మన పెద్దలు చేసిన సిరా నలుపు, ఈ మచ్చ నలుపు ఒక్క రసాయనక్రియ వలన పుట్టినవే. ఆ మేకునకు తగిలిన గొలుసు క్షణములో పాడగును.

గొలుసు రంపము చప్పుడు 100 డెసిబెల్లు దాటును. చెవులు మూసికొనక పని చేయరాదు. చెక్కపొడి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. పట్టీకొన దేనికైన తగిలినచో రంపము మనిషిమీదికి ఎగురును. నేర్చినవారు తప్ప ఇతరులు ముట్టదగిన యంత్రము కాదు.

పలక వెలువడుటతో సగము పని మాత్రమే ముగిసినది. పచ్చి చెక్కలో నీరు రెండు విధములుగా నుండును: కణముల బోలులో కొంత, కణకుడ్యములలో కొంత. బోలులోని నీరు పోయినంతవరకు చెక్క ఆకారము మారదు. తేమ సుమారు 30 శాతమునకు దిగిన పిమ్మట కుడ్యముల నీరు పోవనారంభించును. అప్పటినుండి చెక్క ముడుచుకొనును. చిక్కంతయు ఆ ముడుత అన్ని దిశల నొక్కటిగా లేకుండుటలో నున్నది. పూర్తిగా ఎండినచో అమెరికా తెల్ల ఓక్ వ్యాసార్ధము వెంట 5.6 శాతము, వలయముల వెంట 10.5 శాతము ముడుచుకొనును. పొడవునందు దాదాపు ఏమియు తగ్గదు. టేకునకు ఈ సంఖ్యలు 2.5, 5.8. వానకాలమునను టేకు తలుపులు అంతగా బిగియకుండుటకు ఇదియొక కారణము.

చుట్టుకొలత వ్యాసార్ధముకంటె ఎక్కువగా తగ్గవలెనన్నచో వృత్తము వృత్తముగా నిలువజాలదు, ఎచటనో పగులవలెను. ఓక్ బిళ్ళకు లెక్కవేసిన ఆ పగులు సుమారు 19 డిగ్రీల కోణమగును. దీనిని తరగతిలో చూపుట సులభము. రాలిన వేపకొమ్మనుండి రెండు బిళ్ళలు కోసి, ఒకదానిలో మాత్రము అంచునుండి కేంద్రము వరకు రంపముతో గాటు పెట్టి, రెండింటిని ఆరనీయవలెను. కొన్ని వారములలో గాటు నోరు తెరచును. రెండవ బిళ్ళ తనకు తోచినచోట పగులును.

దవ్వ గల నడిమి పలక పగులుటకు హేతువిదియే. తెలిసిన పనివారు కోత సరిగా దవ్వమీదుగా పోవునట్లు చూతురు. కేంద్రమునకు దూరమైన పలకలు పగులుటకు బదులు దోనె వలె వంగును. బెరడువైపు గుంట యగును.

అందువలన పలకలను ఎండలో నిలువబెట్టరాదు. కొనలనుండి నీరు ప్రక్కలకంటె పదిరెట్ల వేగముగా పోవును గనుక కోసిన దినముననే కొనలకు మైనమో రంగో పూయవలెను. నీడలో, చదునైన దిమ్మెలపై పేర్చి, నడుమ అరమీటరు దూరమున ఒక్కొక్కటిగా ఒకే మందముగల బద్దలుంచి, పైన బరువెత్తవలెను. బద్దలు ఒకదానిపై నొకటి సరిగా నిలువుగా రానిచో పలకలు అలలుగా వంగును. బెరడు తీసివేయుట మంచిది; దానిక్రింది తెల్లచెక్కలో పిండిపదార్థ ముండును, పురుగు అచటనే చేరును.

అంగుళము మందమునకు ఒక యేడని పనివారి లెక్క. ఆరు సెంటీమీటర్ల పలకకు రెండేండ్లు దాటును. అంతవరకు ఓపిక పట్టువారు పేర్పులోని యొక చిన్నపలకను నెలనెలకు తూచి వ్రాసికొందురు. వరుసగా రెండు మూడు నెలల తూకములు మారకున్నచో, ఆ చోటి గాలికి తగిన తేమకు చెక్క వచ్చినదని గ్రహించి వడ్రంగికి కబురు పంపుదురు.