గట్టు దిగేవేళ ఇంజిన్ ఆగితే ముప్పే!
పాత కార్లకు ఐడ్లింగ్ సర్దుబాటు కీలకం

పట్టిసీమ (పోలవరం): మహాశివరాత్రి వచ్చిందంటే పట్టిసీమ రేవుకు దారితీసే గోదావరి గట్టు రోడ్డు వాహనాలతో నిండిపోతుంది. నది మధ్యనున్న వీరభద్రస్వామి ఆలయానికి పడవలపై వెళ్లేందుకు వచ్చే భక్తుల కార్లు అడుగడుగునా ఆగుతూ సాగాల్సి ఉంటుంది. కార్బురేటర్ కలిగిన పాత అంబాసిడర్, పద్మిని, మారుతి 800 కార్ల అసలు పరిస్థితి ఇలాంటి చోటే బయటపడుతుంది. యాక్సిలరేటర్ నుంచి కాలు తీయగానే ఇంజిన్ ఆగిపోతే, బూస్టర్ ఉన్న కార్లలో రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ బిగుసుకుపోతుంది. గట్టు వాలుపై ఇది ప్రాణాల మీదకు తెస్తుంది.

ఎందుకిలా..?

కాలు తీసినప్పుడు కార్బురేటర్‌లోని థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుంటుంది. ఇంజిన్ ఆగకుండా అక్కడ కాస్త సందు ఉంచేది ఐడ్లింగ్ స్క్రూ. ఆ సమయంలో పెట్రోలు, గాలి పాళ్లను నిర్ణయించేది మిక్చర్ స్క్రూ. పెట్రోలు పాలు మించితే ప్లగ్గులకు మసి పడుతుంది, నల్లపొగ వస్తుంది. గాలి పాలు మించితే ఇంజిన్ అదురుతూ ఆగిపోతుంది.

సరిచేయడం ఇలా..

ముందుగా ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు శుభ్రం చేయాలి. యాక్సిలరేటర్ కేబుల్‌కు కొద్దిగా వదులు ఉండాలి. అది బిగుతుగా ఉంటే స్క్రూ ఎంత తిప్పినా వేగం తగ్గదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా తీసి, లైట్లు, ఏసీ ఆపి పని మొదలుపెట్టాలి.

స్క్రూలు మొదట ఉన్న స్థానాన్ని గుర్తుపెట్టుకోవాలి. మిక్చర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ అదురు లేకుండా, వేగంగా తిరిగే చోట ఆపాలి. తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగాన్ని కంపెనీ పుస్తకంలో సూచించిన మేరకు తగ్గించాలి. చాలా కార్లలో అది నిమిషానికి 750 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటి రెండుసార్లు సరిచూడాలి. చివరిగా ఒకసారి రేసు పెంచి వదిలినా ఇంజిన్ ఆగకూడదు.

మిక్చర్ స్క్రూ తిప్పినా మార్పు లేకపోతే జెట్ పూడుకుపోవడమో, మానిఫోల్డ్ గాస్కెట్ వద్ద గాలి పీల్చడమో జరిగి ఉంటుంది. వాటిని సరిచేయకుండా స్క్రూలు తిప్పి ప్రయోజనం లేదు.

జాగ్రత్తలు తప్పనిసరి

తలుపులు మూసిన షెడ్డులో ఈ పని చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. భారత్ స్టేజ్-2 ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కార్లలో ఐడ్లింగ్ సమయాన ఇది 3 శాతం మించరాదన్నది కాలుష్య తనిఖీ నిబంధన. మిక్చర్ సరిగా ఉంటేనే ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్లకు మాత్రం ఈ విధానం వర్తించదు. వాటి ఐడ్లింగ్‌ను కంప్యూటరే నియంత్రిస్తుంది.

తీర్థానికి బయలుదేరే రోజున కాక, వారం ముందే ట్యూనింగ్ చేయించి, ఊళ్లోనే ఏదైనా వాలుపై పరీక్షించుకుంటే రేవు దగ్గర ఇబ్బంది ఉండదు.