దమ్ములో ట్రాక్టర్ వేడెక్కుతోందా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూసుకోండి

వానాకాలం నాట్ల సమయంలో ట్రాక్టర్ ఒక్కరోజు ఆగినా నష్టమే. సింగూరు కాలువల కింద, చెరువుల కింద, బోర్ల కింద అందరూ ఒకేసారి దమ్ము మొదలుపెడతారు. కిరాయికి మరో బండి దొరకదు. అలాంటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్లగానే చాలామంది ఇంజిన్ పని పడిందని భయపడతారు. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. దుమ్ము పట్టిన జాలీ, వదులైన బెల్టు, పాడైన మూత వంటివి తక్కువ ఖర్చుతో సరిచేసుకోవచ్చు. అయితే వేడెక్కిన బండిని అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది, హెడ్ వంగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

దమ్ములోనే ఎందుకు వేడెక్కుతుంది?

రోడ్డు మీద వేగంగా పోయే బండికి ఎదురుగాలి తోడవుతుంది. దమ్ములో ట్రాక్టర్ నడక వేగంతోనే కదులుతుంది, ఇంజిన్ మీద మాత్రం పూర్తి బరువు పడుతుంది. ఎదురుగాలి ఉండదు కాబట్టి రేడియేటర్‌ను చల్లబరిచే భారమంతా ఫ్యాన్ మీదే ఉంటుంది. బురదలో పోటీలకు దిగే జీపులకూ ఇదే ఇబ్బంది. అందుకే మామూలు రోజుల్లో బయటపడని చిన్న లోపం దమ్ములో బయటపడుతుంది.

ముల్లు ఎర్ర గీత దాటితే వెంటనే ఏం చేయాలి?

• రోటవేటర్ లేదా కేజ్ వీల్స్ పని ఆపి, గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టండి.
• ఆవిరి రాకుండా, నీళ్లు కారకుండా ఉంటే 3 నుంచి 5 నిమిషాలు తక్కువ రేజ్‌లో ఖాళీగా నడవనివ్వండి. ముల్లు దిగిన తర్వాత ఆపండి.
• ఆవిరి వస్తున్నా, నీళ్లు కారిపోయినా, బెల్టు తెగినా వెంటనే ఇంజిన్ ఆపేయండి.
• వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చేతితో తాకగలిగేంత చల్లబడ్డాకే, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి.
• వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయవద్దు. హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

ఎప్పుడు వేడెక్కుతుందో గమనించండి

స్టార్ట్ చేసిన 5-10 నిమిషాలకే వేడెక్కితే నీళ్లు తగ్గి ఉండాలి, లేదా థర్మోస్టాట్ వాల్వ్ మూసుకుపోయి ఉండాలి, లేదా గ్యాస్కెట్ పోయి ఉండాలి.

రోడ్డు మీద బాగుండి, నిలబడినప్పుడు లేదా మెల్లగా నడిచేటప్పుడు వేడెక్కితే గాలి సరిపోవడం లేదని అర్థం. ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు చూడాలి.

బరువు పడినప్పుడే వేడెక్కితే రేడియేటర్ జాలీ బయటైనా మూసుకుపోయి ఉంటుంది, లోపలైనా పెచ్చు కట్టి ఉంటుంది. చెరకు ట్రాలీతో ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే బ్రేకులు పట్టుకుంటున్నాయేమో కూడా చూడండి.

ఈ వరుసలో పరీక్షించండి

చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి చూడాలి. ఖర్చు లేని వాటితో మొదలుపెట్టండి.

1. నీటి మట్టం: తగ్గితే నింపడంతో సరిపెట్టవద్దు. ఎక్కడికి పోతోందో కనుక్కోండి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర తడి చూడండి. ఆ రంధ్రం నుంచి చుక్కలు పడితే పంప్ సీలు పోయినట్టు.

2. మూత: ఇది కుక్కర్ మూత లాంటిది. లోపల ఒత్తిడిని నిలబెట్టి, నీళ్లు 100 డిగ్రీలకే మరగకుండా చూస్తుంది. రబ్బరు రింగు ఎండినా, స్ప్రింగు వదులైనా మార్చండి. మీ మోడల్‌కు సరిపోయే మూతే వేయండి.

3. జాలీ: దుమ్ము, పత్తి పీచు, వరి పొట్టు పట్టి ఉంటాయి. ఫ్యాన్ గాలిని ముందు నుంచి లాక్కుంటుంది కాబట్టి చెత్త ముందు వైపే పడుతుంది. ఇంజిన్ వైపు నుంచి ముందుకు గాలి లేదా సన్నటి నీటి ధార కొట్టండి. ఎక్కువ ప్రెషర్‌తో కొడితే జాలీ రేకులు వంగిపోతాయి.

4. బెల్టు: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు 10-15 మిల్లీమీటర్లు దిగాలి. సరైన కొలత మీ మాన్యువల్‌లో ఉంటుంది. పగుళ్లు, నూనె మరకలు ఉంటే మార్చండి.

5. హోస్ పైపులు: ఉబ్బినా, పగిలినా మార్చండి. రేజ్ పెంచినప్పుడు కింది పైపు చప్పబడితే పైపు బలహీనమైనట్టు లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయినట్టు. ఇది దూరం నుంచే చూడండి, ఫ్యాన్ దగ్గరికి చేయి పెట్టవద్దు.

6. థర్మోస్టాట్: ఇంజిన్ వేడెక్కినా పై పైపు చల్లగానే ఉంటే వాల్వ్ తెరుచుకోవడం లేదు. వాల్వ్ తీసి నీళ్లలో వేసి కాచి చూడండి. నీళ్లు మరిగేలోపు తెరుచుకోవాలి.

గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ట్రాక్టర్లకు రేడియేటర్ ఉండదు. వాటిలో సిలిండర్ రెక్కల మధ్య దుమ్ము, నూనె జిడ్డు తీసేయాలి.

బోరు నీళ్లు పోయవద్దు

మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు చూసే ఉంటారు. అదే పెచ్చు రేడియేటర్ గొట్టాల్లో, ఇంజిన్ లోపల కడుతుంది. దాంతో వేడి బయటికి పోదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల దిగువన నక్కవాగు వెంట భూగర్భ జలాలు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడయ్యాయి. అలాంటి నీళ్లు లోహాన్ని తినేస్తాయి.

కలిపి అమ్మే రెడీమేడ్ కూలంట్ నేరుగా పోయవచ్చు. చిక్కటి కూలంట్ అయితే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, సాధారణంగా సగానికి సగం, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. రెండు రకాల కూలంట్లు కలపవద్దు. కూలంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం. పిల్లలకు, పశువులకు అందకుండా పెట్టండి. పారబోసేటప్పుడు కాలువలో పోయవద్దు.

ఈ సలహాలు వినవద్దు

"థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుంది" అంటారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పవర్ కోసం డీజిల్ పంప్ పెంచుకున్నా ఇంజిన్ వేడి పెరుగుతుంది. నల్ల పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి.

మెకానిక్ దగ్గరికి ఎప్పుడు?

ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారినా, రేడియేటర్‌లో ఆయిల్ తేలినా, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకుండా వస్తున్నా గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇక బండి నడపవద్దు. రేడియేటర్ లోపలి పెచ్చు తీయించాలన్నా వర్క్‌షాపులోనే చేయించండి. ఇంట్లో యాసిడ్ పోస్తే అల్యూమినియం భాగాలు పాడవుతాయి.

మెకానిక్‌కు "వేడెక్కుతోంది" అని మాత్రమే చెప్పకండి. ఎప్పుడు వేడెక్కుతుంది, ఎన్ని నీళ్లు తగ్గుతున్నాయి, మీరు ఏమేం చూశారు అన్నీ చెప్పండి. అనవసరమైన విప్పుడు తప్పుతుంది. ఈ పరీక్షలన్నీ మృగశిర కార్తెకు ముందే చేసుకుంటే తొలి వానలకు బండి సిద్ధంగా ఉంటుంది. దమ్ము చేసే రోజుల్లో పొద్దున్నే నీటి మట్టం, బెల్టు, జాలీ చూశాకే స్టార్ట్ చేయండి.