తెరపై తెలుగే.. కంప్యూటర్‌కు మాత్రం కాదు: డీటీపీ కేంద్రాలను వదలని పాత ఫాంట్ల చిక్కు

పెళ్లి శుభలేఖకు కావలసిన వివరాలు నేడు చాలావరకు వాట్సాప్‌లోనే అచ్చు దుకాణానికి చేరుతున్నాయి. ఫోనులో చక్కగా కనిపించే ఆ తెలుగు పాఠాన్ని డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లోకి తీసుకోగానే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు ప్రత్యక్షమవుతాయి. చేసేది లేక వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా అన్నీ మళ్లీ మొదటి నుంచి టైపు చేయవలసి వస్తుంది. చూసి టైపు చేసే ప్రతిసారీ కొత్త తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. పేరులో ఒక్క ఒత్తు తప్పినా కార్డులు తిరిగి అచ్చు వేయక తప్పదు.

కరపత్రాలు, రసీదు పుస్తకాలు, చిన్న పత్రికలు, న్యాయవాదుల పిటిషన్లు.. ఎక్కడ చూసినా ఇదే సమస్య. దీనికి కారణం ఆపరేటర్ల అలసత్వం కాదు, ఫాంట్ల నిర్మాణంలోనే ఉంది.

వేషం మార్చిన ఇంగ్లిష్ అక్షరాలు

పాత తరం ఫాంట్లు రూపొందిన కాలంలో ఒక్కో ఫాంటులో 256 స్థానాలకు మించి ఉండేవి కావు. అవి ప్రధానంగా ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తుల కోసం ఏర్పడినవి. తయారీదారులు ఆ స్థానాల్లోనే తలకట్టు, కొమ్ము, దీర్ఘం, ఒత్తు వంటి తెలుగు అక్షరాల ముక్కలను అమర్చారు. మీట నొక్కగానే తెరపై తెలుగు ముక్క కనిపిస్తుంది. ఫైలులో నమోదయ్యేది మాత్రం ఇంగ్లిష్ అక్షరమో, మరో గుర్తో. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలును తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరుస బయటపడుతుంది. ఒక్కో సంస్థ ముక్కలను ఒక్కో క్రమంలో పేర్చడంతో, ఒక సంస్థ ఫాంటులో చేసిన పని మరో సంస్థ ఫాంటులో చదవడానికి వీలుకాదు.

యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నం. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా శాశ్వత సంఖ్యలు కేటాయించే ఈ ప్రమాణం 1991లో తొలిసారి వెలువడింది. అప్పుడే తెలుగుకు 128 స్థానాల విభాగం దక్కింది. ఉదాహరణకు ‘స్త్రీ’ అన్న మాట స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాలుగా నమోదవుతుంది. వాటిని ఒత్తులతో కూడిన ఒకే అక్షరంగా మలచి చూపడం ఫాంటు, సాఫ్ట్‌వేర్ కలిసి చేసే పని. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుందే తప్ప అక్షరం మారదు. ఫోన్లు, వెబ్‌సైట్లు ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 మాత్రం యూనికోడ్ తెలుగును గుర్తించదు. ఆ తర్వాత దాని అభివృద్ధి నిలిచిపోయింది.

వెతికినా దొరకదు, వినిపించదు

పాత ఫాంటులో ఉన్న పాఠం కాగితంపైకి వచ్చేంత వరకే తెలుగు. న్యాయవాది తన పాత పిటిషన్లలో కక్షిదారు పేరును తెలుగులో వెతికితే కంప్యూటర్‌కు అది దొరకదు. పీడీఎఫ్‌గా మార్చితే చూడటానికి సరిగానే ఉంటుంది, అందులోని వాక్యాన్ని నకలు చేస్తే మళ్లీ గందరగోళమే. చూపు లేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ నిస్సహాయమవుతుంది. పాత పుస్తకాన్ని ఈ-బుక్‌గా తేవాలనుకునే ప్రచురణకర్త మొత్తం పాఠాన్ని మార్పిడి చేసి, మరోసారి ప్రూఫులు దిద్దించాలి.

మార్పిడికి కన్వర్టర్లు ఉన్నాయి. అయితే వాటి ఫలితాన్ని గుడ్డిగా నమ్మలేం. ఒత్తులు స్థానం తప్పుతాయి, కొటేషన్ గుర్తులు అక్షరాలుగా మారతాయి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలను సైతం కన్వర్టర్ తెలుగుగా భావించి మార్చేస్తుంది. ఫలితంగా కంపెనీ పేరో, ఈ-మెయిల్ చిరునామానో అర్థం లేని అక్షరాల కుప్పగా మిగులుతుంది.

ఎందుకు మారడం లేదు?

ఏళ్ల తరబడి ఒకే కీబోర్డు అమరికకు అలవాటుపడిన వేళ్లు కొత్తదానికి వెంటనే లొంగవు. టైపింగ్ వేగం తగ్గితే రోజు ఆదాయం తగ్గుతుంది. యూనికోడ్ తెలుగును చక్కగా పేర్చే ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేర్‌కు చందా చెల్లిస్తూ ఉండాలి. వీటన్నిటికీ మించి, ఏళ్లుగా తయారుచేసుకున్న శుభలేఖల నమూనాలన్నీ పాత ఫైళ్లలోనే ఉన్నాయి.

ఈ చిక్కు తెలుగుకే పరిమితం కాదు. హిందీలో కృతిదేవ్, బంగ్లాదేశ్‌లో బిజయ్, నేపాల్‌లో ప్రీతి వంటి పాత ఫాంట్లతోనూ ఇదే అనుభవం. దక్షిణాసియాలో సంక్లిష్ట లిపులున్న భాషలెన్నో ఈ దశను దాటుతున్నాయి.

దారి ఏమిటి?

అంతా ఒక్క రోజులో మార్చనవసరం లేదు. కొత్త పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాత వాటిని అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. పాత కీబోర్డు అమరికతోనే యూనికోడ్‌లో టైపు చేసే ఉపకరణాలు ఉన్నాయి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. సాధారణ పత్రాలకు లిబ్రాఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. మార్పిడి చేసేటప్పుడు ఇంగ్లిష్ భాగాలను ముందే విడదీసి, పేర్లు, అంకెలు, ఒత్తులను మూలప్రతితో సరిచూడాలి. పుస్తకం అచ్చు వేయించుకునే రచయితలు, సంస్థలు కూడా పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతిని అడిగి తీసుకోవడం మేలు.

ఆలస్యానికి మూల్యం ఉంది. పాత ఫాంట్లను, పాత సాఫ్ట్‌వేర్‌ను నడిపే కంప్యూటర్లు ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి. ఆ ఫాంటు కూడా దొరకని రోజున, ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా అందులోని తెలుగును చదవడం చాలా కష్టమవుతుంది.