కారు బీమాకు క్రెడిట్ కార్డుతో ఏం పని?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మకాం మార్చే తెలుగు కుటుంబాలకు కారు బీమా దగ్గర కొత్త లెక్కొకటి ఎదురవుతుంది. పదేళ్లలో ఒక్క ట్రాఫిక్ టికెట్ లేకపోయినా, గతంలో క్రెడిట్ కార్డు బిల్లు ఆలస్యంగా కట్టిన పాపానికి ప్రీమియం ఎక్కువ పడొచ్చు. కాలిఫోర్నియాలో ఈ బెడద లేదు. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 103 ప్రకారం అక్కడ డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్లు, డ్రైవింగ్ అనుభవం ముందు చూడాలి. హవాయి, మసాచుసెట్స్‌లోనూ కారు బీమా ధరకు క్రెడిట్ చరిత్రను వాడనివ్వరు. టెక్సస్‌తో సహా ఎక్కువ రాష్ట్రాల్లో వాడతారు.

బ్యాంకు చూసే స్కోరు, బీమా కంపెనీ చూసే స్కోరు ఒకటి కావు. రెండూ ఒకే క్రెడిట్ రిపోర్టు నుంచి పుట్టినా, ఒకటి అప్పు తీరుస్తాడా అని అడిగితే, రెండోది క్లెయిముకు వస్తాడా అని అడుగుతుంది. ఈ బీమా స్కోర్లు 1990ల మొదట్లో వచ్చాయి. ఈ స్కోర్లు లెక్కగట్టే ఫైకో సంస్థ చెప్పే పద్ధతిలో బిల్లులు వేళకు కట్టారా అన్నదానికి సుమారు 40 శాతం, నెత్తిమీదున్న బాకీకి 30, ఖాతాల వయసుకు 15, కొత్త అప్పుల కోసం చేసిన ప్రయత్నాలకు 10, అప్పుల రకాలకు 5 శాతం బరువు ఉంటుంది. జీతం ఇందులోకి రాదు. లక్షన్నర డాలర్లు సంపాదిస్తూ కార్డులన్నీ లిమిట్ దాకా వాడేసే ఇంజనీరు కన్నా, తక్కువ జీతంతో బిల్లులు వేళకు కట్టే గుమాస్తాకు మంచి స్కోరు రావచ్చు.

మరి బిల్లుకీ బ్రేకుకీ సంబంధం ఏమిటి? స్కోరు తక్కువున్నవాళ్ల నుంచి సగటున క్లెయిములు ఎక్కువ వస్తున్నాయని లెక్కలు చూపిస్తున్నాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక కూడా ఈ స్కోర్లు నష్టభయాన్ని బాగానే అంచనా వేస్తాయని తేల్చింది. అయితే తక్కువ స్కోర్లున్నవారిలో నల్లజాతీయులు, హిస్పానిక్‌లు తమ జనాభాకు మించి ఉన్నారని కూడా అదే నివేదిక చెప్పింది. సగటు లెక్క నిజమే కావచ్చు. ఆసుపత్రి బిల్లుతో కుంగిపోయినవాడు కారు చక్కగా నడుపుతున్నా దెబ్బ మీద దెబ్బ తినడం మాత్రం న్యాయం అనిపించదు. అందుకే తీవ్ర అనారోగ్యం, విడాకులు, జీవిత భాగస్వామి మరణం, ఉద్యోగం పోవడం వంటి కారణాలతో స్కోరు పడిపోతే మినహాయింపు అడిగే హక్కు టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో ఉంది. రాతపూర్వకంగా అడగాలి. అడగనివాడికి ఎవరూ ఇవ్వరు.

కొత్తగా వచ్చిన విద్యార్థి సంగతి వేరు. హైదరాబాదులో సిబిల్ స్కోరు ఎంత ఘనంగా ఉన్నా సాధారణంగా అమెరికాలో పనికిరాదు, క్రెడిట్ ఫైలు ఖాళీ. ఖాళీగా ఉన్నందుకే శిక్షించకుండా చాలా రాష్ట్రాల చట్టాలు కొన్ని కట్టుబాట్లు పెట్టాయి. కానీ అమెరికాలో డ్రైవింగ్ అనుభవం లేదన్న కారణం ఎలాగూ ఉంటుంది కాబట్టి తొలి ప్రీమియం మోతగానే వస్తుంది. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో చిన్న మొత్తాలు వాడి, గడువుకు ముందే కడుతూ పోతే ఫైలు పెరుగుతుంది.

క్రెడిట్ వల్ల ధర పెరిగితే కంపెనీ మీకు నోటీసు పంపాలి. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం పెట్టిన నియమమిది. ఏ సంస్థ ఇచ్చిన రిపోర్టు చూశారో అందులో ఉంటుంది. 60 రోజుల్లోగా అడిగితే ఆ సంస్థ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో కట్టేసిన బాకీ ఇంకా పెండింగ్‌గా కనిపించడం, పేరు కలిసిన మరొకరి ఖాతా మీ ఫైల్లో చేరడం లాంటివి ఉంటే అక్కడే అభ్యంతరం పెట్టండి. ఇంటిపేరూ అసలు పేరూ తారుమారై నమోదయ్యే మనవాళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. కొటేషన్ కోసం కంపెనీ మీ ఫైలు చూసినా స్కోరు తగ్గదు, అందుకని నాలుగు చోట్ల అడగడానికి జంకక్కర్లేదు. తప్పు సరిదిద్దించాక బీమా కంపెనీకి మీరే ఫోన్ చేసి ప్రీమియం మళ్లీ లెక్కగట్టమనండి.