యురేనియం రాయి, ఎంగిలి చెయ్యి

సైన్స్ ఫెయిర్ల కాలం వస్తోంది. నిమ్మకాయ బ్యాటరీలు, వెనిగర్ అగ్నిపర్వతాలు మన పిల్లలకి ఎప్పుడో పాతబడిపోయాయి. హైస్కూల్లో ఉన్న అబ్బాయో, అమ్మాయో వచ్చి "నాన్నా, నాకో యురేనియం రాయి కొనిపెట్టవా?" అని అడిగితే ఏం చెబుతారు? "మతిపోయిందా? వెళ్ళి లెక్కలు చేసుకో" అనడం తేలిక. మన సభ్యుల్లో డాక్టర్లూ ఇంజనీర్లూ ఎంతమంది ఉన్నా, యురేనియం అనగానే ముందు గుర్తొచ్చేది 1945 నాటి హిరోషిమాయే. కాని అడిగిన పిల్లవాడికి కావలసింది బాంబు కాదు. కెమిస్ట్రీ పుస్తకంలో 92వ గడిలో ఉన్న మూలకాన్ని కళ్ళారా చూడాలని వాడి కోరిక. కసిరి కొట్టకుండా, అలాగని కళ్ళు మూసుకుని ఒప్పుకోకుండా ఉండాలంటే తల్లిదండ్రులకి కొన్ని సంగతులు తెలియాలి. అవి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు యురేనియం పుట్టుపూర్వోత్తరాలు. 1789లో బెర్లిన్‌లో క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రవేత్త పిచ్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజంలో దీన్ని కనిపెట్టాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు కనబడ్డ యురేనస్ గ్రహం పేరే దీనికీ పెట్టాడు. ఆ తరవాత నూరేళ్ళ పైచిలుకు దీన్ని చూసి ఎవరూ భయపడలేదు. గాజుకి పసుపు, ఆకుపచ్చ రంగులు తెప్పించడానికీ, పింగాణీకి నారింజ రంగు వెయ్యడానికీ వాడే రంగు దినుసుగానే చూశారు. 1896లో పారిస్‌లో బెక్వెరెల్ గారు నల్ల కాగితం చుట్టిన ఫోటో ప్లేటు మీద యురేనియం లవణం పెట్టి సొరుగులో ఉంచారు. ఎండ తగలకపోయినా ప్లేటు మీద మచ్చ పడింది. రేడియోధార్మికత అలా బయటపడింది.

రేడియోధార్మిక పదార్థాల్లో యురేనియం చాలా నిదానస్తురాలు. యురేనియం-238 ముద్దలో సగం పరమాణువులు విచ్ఛిన్నం కావడానికి సుమారు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది. అంటే దాదాపు భూమి వయసంత. ఒక గ్రాము సహజ యురేనియంలో సెకనుకి సుమారు 25 వేల పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. అదే ఒక గ్రాము రేడియంలో అయితే సెకనుకి 3,700 కోట్లు! ఆ అంకె పక్కన మన 25 వేలు లెక్కలోకి రాదు.

పైగా యురేనియం నుంచి వచ్చేవి ముఖ్యంగా ఆల్ఫా కణాలు. ఒక్క కాగితం అడ్డు పెడితే ఆగిపోతాయి. మన చర్మం పైపొర కూడా వాటిని ఆపేస్తుంది. మరి భయం దేనికి? రాయిని నూరిన పొడి ఊపిరితోనో అన్నంతోనో లోపలికి పోతే అక్కడ కాగితమూ లేదు, ఆ పైపొరా లేదు. ఆల్ఫా కణం తన శక్తినంతా పక్కనున్న కణాల మీదే ఖర్చు పెడుతుంది.

ఇక్కడ రెండు విషయాలు వేరు చేసి చూడాలి. కిరణాలు తగలడం వేరు, పదార్థం అంటుకోవడం వేరు. పొయ్యి దగ్గర నిలబడితే సెగ తగులుతుంది. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే సెగ పోతుంది. కాని చేతికి కారం అంటుకుంటే, ఎంత దూరం వెళ్ళినా చేతితో పాటు కారమూ వస్తుంది. ఆ చెయ్యి కంటికి తగిలినప్పుడు తెలుస్తుంది. కారమైతే మంటపుట్టి చెబుతుంది, యురేనియం పొడి ఏమీ చెప్పదు. మన అమ్మమ్మలు ఎంగిలి చెయ్యి గరిటెకి తగలనిచ్చేవారు కాదు, తడి చెయ్యి ఆవకాయ జాడీలో పెట్టనిచ్చేవారు కాదు. కంటికి కనబడనిది చేతి నుంచి గరిటెకి, గరిటె నుంచి గిన్నెకి పాకుతుందన్న జాగ్రత్త అది. రేడియోధార్మిక పదార్థాల ప్రయోగశాలలో నేర్పే మొదటి పాఠమూ అదే.

ఈ పాఠం ఎంత ఖరీదుకి నేర్చుకున్నారో న్యూజెర్సీలో ఉన్న మన సభ్యులకి తెలిసే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడి ఆరెంజ్ పట్టణంలో గడియారాల అంకెలు చీకట్లో మెరవడానికి ఆడపిల్లలు రేడియం రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా రావడానికి పెదవులతో తడిపేవారు. అలా తడపమని వాళ్ళకి పనిలో నేర్పారు. ఎముకల్లో చేరిన రేడియంతో దవడలు కుళ్ళి, రక్తం పాడై అనేకమంది చనిపోయారు. అయిదుగురు స్త్రీలు కోర్టుకెక్కితే 1928లో రాజీ కుదిరింది. ఇటువంటి పాత గడియారాలు ఇప్పటికీ పాతసామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. మెరుపు పోయినా రేడియం పోదు, ఎందుకంటే దాని అర్ధజీవితం 1,600 ఏళ్ళు. ఎండిన రంగు పొడిగా రాలుతుంది కనక వాటిని విప్పనివ్వకండి.

యురేనియానికి ఇంకో గుణం ఉంది. అది సీసం లాగే భారలోహం. దాని కరిగే లవణాలు మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. లవణాలతో పనిచేసేవారు కిరణాల కంటే ముందు ఈ విషానికే భయపడాలి. అందుకే తాగే నీటిలో లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికాలో నియమం. గరాజ్ సేల్స్‌లో ఫియెస్టా అనే నారింజ-ఎరుపు రంగు పింగాణీ పళ్ళాలు కనబడతాయి. 1936 నుంచి 1943 వరకు చేసిన ఆ రంగు పళ్ళాల పూతలో యురేనియం ఉంది. యుద్ధకాలంలో యురేనియం ప్రభుత్వానికి కావలసి రావడంతో ఆ రంగు ఆగిపోయి, 1959లో మళ్ళీ వచ్చి, 1970ల మొదట్లో పూర్తిగా పోయింది. అల్మారాలో పెట్టుకుని చూడడానికి భేషుగ్గా ఉంటాయి. కాని కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాయకూడదని మనకి తెలుసు కదా, ఇదీ అంతే. పులుపు తగిలితే పూతలోని యురేనియం కొద్దికొద్దిగా దిగుతుంది. వాటిలో పులిహోర, చారు వడ్డించకండి.

ఒకప్పుడు ఈ దేశంలో పిల్లల చేతికి యురేనియం బొమ్మగానే ఇచ్చారు. 1950లో ఏ.సీ. గిల్బర్ట్ కంపెనీ అమ్మిన అణుశక్తి ప్రయోగపేటికలో నాలుగు రకాల యురేనియం ఖనిజాలు, గీగర్ కౌంటరు, కణాల దారులు చూపించే మేఘపేటిక ఉండేవి. ధర 49 డాలర్ల 50 సెంట్లు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. 1951తో అమ్మకం ఆగిపోయింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ డేవిడ్ హాన్‌ది. మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర పెరిగిన ఈ కుర్రవాడు బాయ్ స్కౌటు. ఇంట్లో చేసిన కెమిస్ట్రీ ప్రయోగాలు పేలి గొడవయితే, సామాను తల్లి ఇంటి పెరట్లో ఉన్న కొట్టంలోకి మార్చాడు. పొగ హెచ్చరిక పెట్టెల్లోని అమెరీషియం, పాత గ్యాసు లాంతర్ల వత్తుల్లోని థోరియం, గడియారాల రేడియం పోగుచేసి, 17వ ఏట అణు రియాక్టరు కట్టాలని కూచున్నాడు. 1994లో పోలీసుల కంటబడ్డాడు. 1995 జూన్‌లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ మనుషులు వచ్చి ఆ కొట్టం విప్పేసి, 39 పీపాల్లో నింపి, యూటాలో పాతిపెట్టారు. తెలివి, పట్టుదల రెండూ ఉన్న పిల్లవాడు. పక్కన కూచుని ఇది తప్పురా, ఇలా చెయ్యి అని చెప్పే పెద్దవాళ్ళు లేకపోయారు. వద్దని తరిమేస్తే ప్రయోగం ఆగదు, మన కళ్ళు పడని చోటికి పోతుంది.

కనక గీత ఎక్కడ గియ్యాలో తల్లిదండ్రులకి తెలియాలి. అమెరికా చట్టం ఆ గీత స్పష్టంగానే గీసింది. తవ్వినది తవ్వినట్టు ఉన్న ఖనిజాన్ని లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చు. దాన్ని శుద్ధి చెయ్యాలంటే మాత్రం లైసెన్సు కావాలి. రాయిని నూరి, ఆమ్లంలో కరిగించి, పసుపుపచ్చ లవణం తీసే పని ఇంట్లో చేసేది కాదు. పొడి లేచేదీ, కరిగి ఒంట్లో చేరే రూపం వచ్చేదీ, పారబొయ్యడానికి వీల్లేని నీళ్ళు మిగిలేదీ ఆ పనిలోనే. మన కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో యురేనియం సున్నపురాయి జాతి రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది కాబట్టి అక్కడ క్షార ద్రావణంతో, వేడిలో, ఒత్తిడిలో యురేనియాన్ని లాగుతారు. అది కార్ఖానా పని. ఇంకో మాట. ఇండియాలో చట్టం ప్రకారం యురేనియం ప్రభుత్వ అదుపులో ఉన్న పదార్థం. చుట్టాలకి చూపిద్దామని రాయిని సూట్‌కేసులో పెట్టుకుని ప్రయాణం కట్టకండి.

రాయి కొంటే పాటించవలసినవి ఇవి. మూత గట్టిగా ఉన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి, పైన పేరు, తేదీ రాయాలి. వంటింట్లోకీ, పడకగదిలోకీ రానివ్వకూడదు. కొట్టడం, నూరడం, గీకడం పనికిరావు. బయటికి తీస్తే చేతులకి తొడుగులు, కింద ట్రే, ట్రేలో కాగితం. దగ్గర తిండి, కాఫీ ఉండకూడదు. నలుసు రాలితే ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడి కాగితంతో అద్ది తీసి, ఆ కాగితాన్ని సంచిలో మూసి ఉంచండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. చిన్నపిల్లలకి అందనివ్వకండి. అక్కర తీరిన రాయిని చెత్తబుట్టలో వెయ్యకుండా, మీ రాష్ట్రపు రేడియేషన్ అధికారులని అడగండి. పొగ హెచ్చరిక పెట్టెని ఏ కారణం చేతనూ విప్పకూడదు.

ఈ నియమాల్లోపల చెయ్యగలిగిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. గీగర్ కౌంటరుని రాయి నుంచి కొద్దికొద్దిగా జరుపుతూ లెక్క రాస్తే దూరం ఎంత కాపుదలో తెలుస్తుంది. మధ్యలో కాగితం, అల్యూమినియం రేకు, సీసం పెట్టి ఏది ఏ కిరణాన్ని ఆపుతుందో చూడవచ్చు. రక్తపుపోటు ఉన్నవారు వాడే, ఉప్పుకి బదులు అమ్మే పొటాషియం క్లోరైడ్ డబ్బా దగ్గర పెట్టినా కౌంటరు కొంచెం హెచ్చుగా టిక్కుటిక్కుమంటుంది. దుకాణంలో కొన్న ఉప్పులోనే రేడియోధార్మికత ఉందని చూస్తే పిల్లలకి భయం పోయి, లెక్క మిగులుతుంది.

పెద్దలకి చివరిగా ఒక మాట. మన ఇళ్ళకి యురేనియం వల్ల అసలు ప్రమాదం పిల్లల డబ్బాలో కంటే బేస్‌మెంటు కింద ఎక్కువ. మట్టిలోని యురేనియం క్రమంగా రేడియంగా, దాని నుంచి రాడాన్ వాయువుగా మారి, నేల పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు, ఇంకా పని మొదలుపెట్టని అణువిద్యుత్ కేంద్రంలో అడుగు పెడితే హెచ్చరిక గంటలు మోగాయి. ఆరా తీస్తే ఆయన రేడియోధార్మికతని ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు! గాలిలో రాడాన్ లీటరుకి 4 పికోక్యూరీలు ఉంటే మరమ్మతు చేయించాలని ప్రభుత్వ సలహా. ఆయన ఇంట్లో సుమారు 2,700 ఉంది. ఈ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సరుకి పొగాకు తరవాత పెద్ద కారణం రాడానే. పరీక్ష డబ్బా హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. ఆ పరీక్ష మీ పిల్లల చేతే చేయించండి. అంతకంటే పనికొచ్చే సైన్స్ ప్రాజెక్టు దొరకదు.

మేఘపేటికకి రాయి కూడా అక్కరలేదు. గాజు పెట్టె, రబ్బింగ్ ఆల్కహాలు, అడుగున డ్రై ఐసు ఉంటే ఆకాశం నుంచి వచ్చే కణాల దారులే తెల్లటి గీతల్లా కనబడతాయి. దగ్గర దీపం గాని అగ్గిపుల్ల గాని వెలిగించకూడదు, డ్రై ఐసుని దళసరి తొడుగులు లేకుండా పట్టుకోకూడదు, గదికి గాలి ఆడాలి. ఎవరి పిల్లలైనా చేస్తే, వచ్చే పిక్నిక్‌కి పట్టుకురండి. మనందరం వంతులవారీగా చూద్దాం.